మల్లెనీళ్ళ అన్నం

మా వదిన ప్రోంగ్ నన్ను చూడ్డానికి లోపలి కోటకు వచ్చిన ప్రతిసారీ గడప తొక్కేది. మా కోట గడపను దాటాలే తప్ప తొక్కకూడదు. అందులో కోటను కాచే తల్లి ఉంటుందని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కాపలా ఆడవాళ్ళు వదినను రెక్క పట్టుకుని ఆపి, పూలూ అగరొత్తులూ తెప్పించి, గడప ముందు దండం పెట్టించి గానీ లోపలికి వదిలేవారు కాదు. వచ్చాక ఆవిడ ఆ కోపమంతా నా మీద చూపించేది.

ఆ వేసవిలో ఒక రోజు మాత్రం ఆవిడ కాలు చక్కగా ఎత్తి గడప దాటి వచ్చింది. అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని వచ్చిందంటే ఏదో పెద్ద పని మీదే వచ్చి ఉంటుందని నాకు అప్పుడే అనుమానం రావలసింది. నేను పిచ్చిదాన్ని. నవ్వు మొహంతో ఎదురు వెళ్ళాను.

"లమున్, ఇలా కూర్చో. నీకో మంచి మాట తెచ్చాను," అంది.

"నువ్వు నిలబడి చెప్పే మాటలే నేను తట్టుకోలేను వదినా. కూర్చోమంటే కాళ్ళు వణుకుతున్నాయి."

"వేళాకోళాలకేం గానీ, ఫ్రయా వారిరాక్ గారు నిన్ను అడిగారు."

"నన్నా? ఏమడిగారు?"

"ఏమడుగుతారే, నీ తలకాయ. పెళ్ళికి అడిగారు."

ఫ్రయా వారిరాక్ అంటే దక్షిణాన ఒక రేవు పట్నానికి అధిపతి. పెద్ద భార్య పోయింది. ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. చూసే వీలూ లేదు, లోపలి కోటలోకి మగవాడి నీడ కూడా రాదు. కాపలా కాసేది ఆడవాళ్ళు, తగవులు తీర్చేది ఆడవాళ్ళు, దుకాణాలు నడిపేది ఆడవాళ్ళు. మగవాడన్నవాడు ప్రభువులు ఒక్కరే.

"చూడకుండా ఏం చూసి అడిగారట?" అన్నాను.

"కిందటి దీపాల పండక్కి మీ రాజకుమారి అమ్మగారి తరఫున ఏట్లో వదిలిన పూలతెప్ప లేదూ, నువ్వు కట్టింది? దాన్ని చూశారట. ఈ చేతులెవరివి అని అడిగారట. మీ అన్నయ్య పక్కనే ఉన్నారు. మా చెల్లెలివే అన్నారు. అంతే, పైనున్న దేవతలు అక్కడే ముడి వేసేశారు."

"దేవతలు కాదు, అన్నయ్య వేశాడు. రేవులో పెద్ద ఉద్యోగం ఇప్పిస్తానన్నారా ఆయన?"

వదిన ఆ ప్రశ్న వినపడనట్టు తమలపాకు ఈనె తీయడం మొదలుపెట్టింది. అంటే ఇప్పిస్తానన్నారన్నమాటే.

"ముప్పై దాటావు," అంది. "ఇంకా ఎన్నాళ్ళే, ఈ పూలు గుచ్చుకుంటూ?"

"వాడిపోయేదాకా వదినా. ఏం చేయను, రోజూ తాజావి వస్తున్నాయి."

"నవ్వు, బాగా నవ్వు. మీ అన్నయ్య ప్రభువులకు విన్నవించేశారు. మా అక్కగారి ఇష్టం అన్నారట ప్రభువులు. ఇక మీ అమ్మగారు ఊ అనడమే తరువాయి."

నా ఇష్టం ఎవరూ అడగలేదు. మా దేశంలో ఆడపిల్లను పెళ్ళి ఇష్టమా అని అడగడమంటే, చేపను ఏ నూనెలో వేగుతావని అడిగినట్టే.

అమ్మగారంటే పెద్ద రాజకుమారి, ప్రభువులకు అక్కగారు. ఇంట్లో మేమందరం అమ్మగారనే పిలిచేవాళ్ళం. తలమీద పిల్లముడి ఇంకా తీయని వయసులో మా నాన్న నన్ను తెచ్చి ఆమె పాదాల దగ్గర వదిలి వెళ్ళాడు. పెద్దింటి ఆడపిల్లకు మర్యాద నేర్పించడానికి అంతకంటే మంచి చోటు లేదని ఆయన నమ్మకం. తరువాత పెళ్ళికి తీసుకుపోవాలని కూడా అనుకున్నాడు గానీ, ఆ లోపల ఆయనే పోయాడు. అమ్మగారికి సరితూగే వరుడు దేశంలో లేక ఆమె పెళ్ళి చేసుకోలేదు. నాకు చేసుకోవాలని తోచక నేను చేసుకోలేదు.

ఇద్దరికీ దిగులు లేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ బతుకంటే ప్రాణం. తెల్లవారకముందే పూలబుట్టలు వచ్చేవి. సోమవారం లేత పసుపు, శనివారం ఊదా, ఇలా ఏ రోజు రంగు ఆ రోజు కట్టుకుని అందరం వరండాలో చేరి దండలు గుచ్చేవాళ్ళం. నోళ్ళు మాత్రం సూదులకంటే వేగంగా నడిచేవి. ఏ వాకిట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎవరి వంటలో ఉప్పు ఎక్కువైంది, కొత్త నాటకంలో రాక్షసుడి వేషం వేసిన పిల్ల కిరీటం ఎలా జారిపోయింది, అన్నీ అక్కడ తేలేవి. మధ్యాహ్నం బట్టలకు ధూపం పట్టించడం, సాయంత్రం పేక. వాన వస్తే పడవల్లో పాటలు. ఇంత సంబరం వదిలేసి, ఎండుచేపల వాసన కొట్టే రేవులో, నా మొహం తెలియని మగవాడికి ఇల్లాలినై కూర్చోవాలంటే నాకు ఏడుపొచ్చింది.

వదిన వెళ్ళి అమ్మగారి ముందు పడి విన్నవించుకునే సమయానికి అక్కడ పేక నడుస్తోంది. నడుస్తోందనడం కంటే ఆగిపోయిందనడం న్యాయం. నా స్నేహితురాలు సంగ్వాన్ ఒక ముక్కను తొడ కింద దాచి దొరికిపోయింది.

"తీయి," అన్నారు అమ్మగారు.

"జారిపోయిందమ్మగారూ."

"జారింది నీ బుద్ధి. ముక్క దాచిన చెయ్యి రేపు ఇంకేదైనా దాస్తుంది. ఈ వేసవంతా నువ్వు పేక దగ్గర కూర్చోవద్దు. పక్కన కూర్చుని తమలపాకులు చుట్టు."

అమ్మగారు అన్నారంటే అన్నట్టే. ఒకసారి ప్రభువులతోనే ఆడుతూ, తనకు పొరపాటున ఒక ముక్క ఎక్కువ పడిందని తానే చెప్పి, గెలిచిన ఆటను వదులుకున్న మనిషి ఆమె. దొంగాట అన్న మాట ఆమె నోట వచ్చిందంటే, దాని తరువాత ఇంకో తిట్టు అక్కరలేదు.

వదిన చెప్పిందంతా విని అమ్మగారు ఆమెను పంపేశారు. అందరినీ లేపేశారు. నన్ను మాత్రం ఉండమన్నారు.

"ఏమే, నీకు వెళ్ళాలని ఉందా?"

"లేదమ్మగారూ."

"ఎందుకు లేదు?"

చెప్పడానికి చాలా ఉంది. నోటికి మాత్రం ఒక్కటే వచ్చింది. "ఇక్కడ బావుందమ్మగారూ."

"బావుండటం కూడా ఒక కారణమా? నేను ముసలిదాన్ని. నేను పోయాక నీ సంగతేంటి? రాజకుమారి పోతే ఆమె తాలూకు ఆడవాళ్ళు మూట పట్టుకుని ఒక వాకిలి నుంచి ఇంకో వాకిలికి తిరగడం చూడలేదూ? అక్కడైతే నీకో ఇల్లుంటుంది, నీ మాట చెల్లుతుంది."

"అమ్మగారూ, నన్ను పంపేయాలని ఉందా మీకు?"

ఆమె నోట్లో తాంబూలం ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకున్నారు.

"నాకేం ఉందో అది లెక్క కాదు. నా సుఖం కోసం నీ బతుకుకు అడ్డుపడ్డానని రేపు ఎవరూ అనకూడదు. నాకు నేనూ అనుకోకూడదు. ఆ మనిషిలో లోపం చూపించు, ఆపుతాను. లోపం లేకుండా ఆపితే దొంగాట."

నేను ఎక్కడి నుంచి తెచ్చేది లోపం? ఆయన మంచివాడని, తాగడని, నౌకర్లను కొట్టడని ఊరంతా చెప్పుకుంటోంది. ఇంత మంచి మగవాడు నా ప్రాణానికి ఎక్కడ దొరికాడో అని తలపట్టుకున్నాను.

మర్నాడు అమ్మగారే దారి చెప్పారు. కొత్త సంవత్సరం ఎండలు ముదిరాయి, మల్లెనీళ్ళ అన్నం చేసే రోజులు. పెళ్ళి మాట తేలేదాకా రాజధానిలోనే ఉన్న ఆయనకు మా వాకిలి నుంచి ఒక పళ్ళెం వెళ్తుంది. "మనిషి ఏపాటివాడో తినేటప్పుడు తెలుస్తుంది. తినేటప్పుడు మనం చూడలేం. తిన్న పళ్ళెం చూద్దాం. మర్యాదగా తిన్నాడా, నువ్వు మూట కట్టుకో. లేదా, నేను చూసుకుంటాను."

బయటి ఊళ్ళవాళ్ళు చూస్తే దాన్ని ఉత్త నీళ్ళన్నం అంటారు. అనేవాళ్ళను అననీ. పాత బియ్యం సగం ఉడికించి, మెతుకు మెతుకూ నున్నగా అయ్యేదాకా నీళ్ళలో రుద్ది కడిగి, మళ్ళీ ఆవిరికి పెట్టాలి. కుండలో కాచి చల్లార్చిన నీళ్ళ మీద సాయంత్రం కోసిన మల్లెమొగ్గలు తేలేసి మూత పెడితే, అవి రాత్రి లోపల విచ్చుకుంటాయి. తెల్లారి అవి వాడకముందే తీసేసి, ఆ నీళ్ళకు సువాసన వత్తి పొగ పట్టించాలి. పక్కన నంజుళ్ళు: ఎండు రొయ్యల ముద్దను ఉండలు చేసి గుడ్డుసొనలో ముంచి వేయించినవి, మాంసం కూరి గుడ్డు వలలో చుట్టిన మిరపకాయలు, తీపి మాంసం పీచు, తీపి ముల్లంగి. నంజుడు ముందు నోట్లో వేసుకోవాలి, తరువాత ఒక చెంచా నీళ్ళన్నం. అంతే గానీ నంజుళ్ళను గిన్నెలో వేయకూడదు. వేశారా, నూనె తేలి, మల్లెలు రాత్రంతా చేసిన పని క్షణంలో రొయ్యల చారైపోతుంది. అది కోట మర్యాద తెలియనివాళ్ళు చేసే తప్పు, చేసినవాణ్ణి తరువాత మూడు తరాలు చెప్పుకుని నవ్వుతారు.

అమ్మగారికి మాత్రం ఆ రొయ్యల ఉండలు పడవు. వాసన చూస్తేనే తలనొప్పి అంటారు. ఆమె పళ్ళెంలో ఎన్నడూ వేసేవాళ్ళం కాదు. చేసిన నేను కూడా చేతులు నిమ్మకాయతో తోముకుని గానీ ఆమె దగ్గరికి పోయేదాన్ని కాదు.

పళ్ళెం సంగతి తెలియగానే మా వదిన ఊరుకుంటుందా? కోట బయట ఆయనకు పాఠం మొదలుపెట్టిందని కబురొచ్చింది. అన్నయ్యను ఆయన ఎదురుగా కూర్చోబెట్టి, ముందు ఉండ, తరువాత చెంచా, ముందు మిరపకాయ, తరువాత చెంచా అని చెప్పిస్తోందట. ఉత్త గిన్నె, ఉత్త చెంచా పట్టుకుని అంత పెద్ద అధికారి చిన్నపిల్లాడిలా సాధన చేస్తున్నాడట. ఈ మాట మోసుకొచ్చిన కాపలామనిషి నవ్వలేక చచ్చింది. నాకు మాత్రం ఆశ అడుగంటింది.

"పిచ్చిదానా, దిగులెందుకు?" అంది సంగ్వాన్. "వంట నీ చేతిలో ఉంది. ఉండల్లో ఇంత ఉప్పు దిమ్మరించు. ఒక్కటి కొరికి పారిపోతాడు. మళ్ళీ ఈ జన్మలో నీ పేరెత్తడు."

"నువ్వు పేకలోనే కాదు, కూరలో కూడా ముక్క దాస్తావు."

"నీ మేలు కోరి చెప్పాను. వద్దంటే పోయి ఎండుచేపలు లెక్కపెట్టుకో."

మాట బాగానే ఉందనిపించింది. ఆ రోజు పొద్దున్నే మూకుడు ముందు కూర్చున్నాను. రొయ్యల ముద్ద రుబ్బి సిద్ధంగా ఉంది. గుప్పెట నిండా ఉప్పు తీసుకున్నాను. వేయి, వేసేయి, అని నా మనసు చెబుతూనే ఉంది. సంగ్వాన్ కళ్ళతో సైగలు చేస్తోంది. చెయ్యి మాత్రం కదలలేదు. ఇన్నేళ్ళుగా ఈ వాకిలి నుంచి నా చేతి మీదుగా చెడ్డ పళ్ళెం ఒక్కటి వెళ్ళలేదు. ఇవాళ వెళితే అది నా పేరున కాదు, అమ్మగారి పేరున వెళుతుంది. ఉప్పు తిరిగి జాడీలో పోసేశాను.

"అయితే ఏడు," అంది సంగ్వాన్.

ఏడ్చాను కూడా. ఏడుస్తూనే ఉండలు వేయించాను, ఏడుస్తూనే పచ్చిమామిడిని ఆకుల్లా చెక్కాను. అంత బాగా నేను అంతకుముందు ఎన్నడూ చేయలేదు. నీళ్ళకు మల్లెవాసన ఎంత పట్టిందంటే మూత తీయగానే వంటింట్లో అందరూ ఒక్క క్షణం మాట్లాడటం ఆపారు. ఆ వాకిట్లో మాటలు ఆగడమంటే మాటలా?

పళ్ళెం మీద బుట్టమూత పెట్టి, గుడ్డ చుట్టి, కాపలా ఆడవాళ్ళు గుమ్మం దాకా మోసుకెళ్ళారు. అక్కడి నుంచి బయటి నౌకర్లు అందుకున్నారు. ఇక చేయడానికి ఏమీ లేదు. అమ్మగారు వరండాలో పడక మీద ఒరిగి కూర్చుని విసనకర్ర ఆడిస్తున్నారు. నేను ఆమె కాళ్ళ దగ్గర మొగ్గలు గుచ్చుతున్నాను గానీ సూది ఎటు పోతోందో నాకు తెలియడం లేదు. ఒక దండ పూర్తిచేసి చూస్తే మొగ్గలన్నీ తలకిందులుగా ఉన్నాయి.

"ఇది ఎవరి మెడకే?" అన్నారు అమ్మగారు.

"తలకిందులుగా నడిచేవాళ్ళకమ్మగారూ."

ఆమె నవ్వారు. తరువాత నవ్వు ఆపి, నా వైపు చాలాసేపు చూశారు. నేను దండ విప్పుకుంటూ కూర్చున్నాను.

తిన్న పళ్ళెం తిరిగి తెచ్చి అమ్మగారి ముందు పెట్టారో లేదో, మామిడికాయలు రాలగొట్టే వాన ఒకటి ఉన్నట్టుండి దిగింది. పెరట్లో ధూపం పట్టించిన పట్టుబట్టలన్నీ తీగల మీద ఉన్నాయి. అందరం ఒక్కసారిగా లేచి పరిగెత్తాం. సంగ్వాన్ బురదలో జారి అమ్మగారి శుక్రవారం ఉత్తరీయం మీదే కూలబడింది. దాన్ని లేపబోయి ఇంకొకత్తి పడింది. దిగులంతా ఉన్నా నాకు నవ్వాగలేదు. తడిసి ముద్దై, బట్టలు మోసుకుని తిరిగి వచ్చేసరికి అమ్మగారు ఒక్కరే వరండాలో కూర్చుని, వానను చూస్తూ తాంబూలం నములుతున్నారు. పళ్ళెం మీద మూత అలాగే ఉంది.

అంతలో మా వదిన కూడా దిగింది, వానలో పరిగెత్తుకుంటూ. అంత తొందరలో గడప తొక్కి దండం పెట్టి మరీ వచ్చిందని మోకాళ్ళ బురదే చెప్పింది.

"చాలా మర్యాదగా తిన్నారట అమ్మగారూ," అంది రొప్పుతూ. "మా ఆయన దగ్గరుండి చూశారు. మర్యాద తెలిసినవారు కాబట్టి, ప్రతి రకంలో ఒకటి పళ్ళెంలో వదిలారు కూడా."

"అలాగా. లమున్, మూత తీయి," అన్నారు అమ్మగారు.

తీశాను. నంజుళ్ళ చిన్న గిన్నెలన్నీ ఖాళీ. పెద్ద గిన్నెలో సగం నీళ్ళు ఉన్నాయి. ఆ నీళ్ళ మీద నూనె వలయాలు వలయాలుగా తేలుతోంది. మధ్యలో నలగని రొయ్యల ఉండ ఒకటి, చెక్కుచెదరని గుడ్డు వలతో ఒక మిరపకాయ, మాంసం పీచు తుంపులు, ఒక ముల్లంగి ముక్క.

సంగ్వాన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, అలా జరగదే," అంది వదిన. "నేను ఎన్నిసార్లు చెప్పాను. ముందు ఉండ, తరువాత చెంచా. ఆయన సరిగ్గా అలాగే..."

"చెప్పినట్టే చేశారమ్మా, ముందు ఉండే వేశారు," అంది సంగ్వాన్. "ఎక్కడ వేయాలో చెప్పడం మర్చిపోయినట్టున్నావు."

ఇక ఎవరూ ఆగలేదు. కాపలా ఆడవాళ్ళు కూడా గోడకు ఆనుకుని నవ్వారు. అమ్మగారు మాత్రం నవ్వలేదు. విసనకర్ర పక్కన పెట్టి, తీర్పు చెప్పే గొంతుతో చెప్పారు. "ప్రోంగ్, నీ భర్త మాట నేను కాదనను. కానీ ఈ నీళ్ళకు వాసన పట్టించిన చేతులను, ఈ నీళ్ళను చారు చేసుకునే మనిషికి ఇవ్వలేను. ప్రభువులకు నేనే చెబుతాను. ఆయన మంచివాడే. మంచి ఆకలి ఉన్న పిల్లను చూసి ఇవ్వండి."

ఫ్రయా వారిరాక్ నేను వేయలేదు మొర్రో అని ఒట్టు పెట్టుకున్నాడని తరువాత విన్నాను. ఎవరు నమ్ముతారు? అప్పటికే బయటి కోటలో కూడా ఆయన్ను రొయ్యల చారు దొర అనడం మొదలైంది. అయితే ఆయనకేం నష్టం రాలేదు. మా వదిన తన చిన్నాన్న కూతుర్ని ఇచ్చి చేసింది. ఆ పిల్ల ఏది పెట్టినా అన్నీ కలిపి కొట్టి తినే రకం. ఇద్దరూ హాయిగా ఉన్నారు. అన్నయ్యకు రేవులో ఉద్యోగం కూడా వచ్చింది. ప్రతి వేసవిలోనూ ఆయన రాజధానికి వచ్చినప్పుడు మా వాకిలి నుంచి ఒక పళ్ళెం వెళుతుంది, దాన్ని నేనే చేస్తాను. ఎందుకంటే ఆయనకు మేము ఒక మాట బాకీ.

ఎందుకు బాకీయో చెప్పాలి. ఆ సాయంత్రం వాన వెలిసింది. వదిన వెళ్ళిపోయింది. రోజూలాగే నేను వెండి గిన్నెలో సుగంధం కలిపిన నీళ్ళు తీసుకుని అమ్మగారి చేతులు కడగడానికి కూర్చున్నాను. నా సంతోషం గురించి ఏం చెప్పను? పాట పాడుకుంటూ కూర్చున్నాను. ఆమె కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకుని నీళ్ళు పోశాను. నీళ్ళు తగలగానే వాసన పైకి వచ్చింది.

రొయ్యల ముద్ద వాసన. పొద్దుట నా చేత్తో నేను రుబ్బిన ముద్ద అది, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. బొటనవేలికి, చూపుడువేలికి, గోటి సందుల్లో.

ఆ ఉండ ఎందుకు చెక్కుచెదరలేదో నాకప్పుడు అర్థమైంది. నీళ్ళలో వేసుకుని తినేవాడు చెంచాతో చిదపకుండా ఉంటాడా? ఆ మనిషి పాపం ముందు ఉండ, తరువాత చెంచా అని నేర్చుకున్నది నేర్చుకున్నట్టు తిని, మర్యాద కోసం ప్రతి రకంలో ఒకటి వదిలాడు. మేము వానలో బట్టల కోసం పరిగెత్తినప్పుడు వరండాలో ఉన్నది ఒక్కరే. వాసన చూస్తేనే తలనొప్పి వచ్చే మనిషి, గెలిచిన ఆటను వదులుకున్న మనిషి, నా కోసం ఆ ఉండను తన వేళ్ళతో పట్టుకుంది.

నా పాట ఆగిపోయింది. తల ఎత్తితే నా కళ్ళు చూస్తారని తల ఎత్తలేదు. నిమ్మచెక్క తీసుకుని ఒక్కొక్క వేలూ తోముతూ కూర్చున్నాను.

"ఏమే, ఇవాళ అంతసేపు తోముతున్నావు?"

"ఏం లేదమ్మగారూ. కాస్త సున్నం అంటింది."

ఆమె చెయ్యి నా చేతిలో ఒక్క క్షణం కదలకుండా ఉండిపోయింది.

"సున్నమా," అన్నారు. "సున్నమే అయి ఉంటుంది. గట్టిగా తోము."

తోమాను. నీళ్ళు మార్చి ఇంకోసారి కడిగాను, తువ్వాలుతో అద్దాను. ఇక వాసన లేదు. అమ్మగారు చెయ్యి వెనక్కి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, ఒడిలో పెట్టుకున్నారు. నేను గిన్నె ఎత్తుకుని లేవబోతుంటే మళ్ళీ పిలిచారు.

"ఇదిగో, లమున్. రేపటి నుంచి సంగ్వాన్‌ను కూడా పేకకు రమ్మను."

"వేసవంతా వద్దన్నారుగా అమ్మగారూ."

"అన్నానులే," అన్నారు ఆమె, వాన వెలిసిన పెరడు వైపు చూస్తూ. "ఒక్క ముక్కేగా దాచింది. పాపం, ఎంత గెలవాలనిపించిందో ఏమో."